నిలువు కొలత

ఫోన్ల కొత్త ఖానా వచ్చింది.
పిల్లలదే గాదు, పెద్దోళ్ల ఎత్తు గూడ రాయాలెనట.
అంగన్‌వాడి గోడకున్న జిరాఫీ బొమ్మ టేపు
మెల్లగ ఊడదీసి సంచిల పెట్టుకున్న.
మెడ కాడ జరంత చినిగింది జిరాఫీ.
మూడు నెలల పైసలు ఇంకా పడలే నాకు,
కొత్త టేపెక్కడ కొంట.

మర్రిగూడ దాటినంక లోపలికి మా ఊరు.
తారు రోడ్డు పాత బోరింగు దాక వచ్చి ఆగింది.
బోరింగుకు ఎర్రరంగు పూసి
"తాగరాదు" అని రాసినోడు
అక్షరాలు గుండ్రంగ, మంచిగ రాసిండు.
చదివెటోళ్లే అప్పుడు లేకుండె.

సర్పంచు ఇంటికి వోయి
"సర్పంచు ఉన్నరా" అన్న.
"ఆయన మండలానికి వోయిండు" అన్నది
పొయ్యి కాడి నుంచి సర్పంచు.
ఆమె ఎత్తు నూట యాభై ఒకటి.
స్టాంపు ఆయన అంగీ జేబుల ఉన్నదట.

ఈదమ్మ ఇంట్ల ముగ్గురు ఆడోళ్లు.
మనుమరాలు ప్రవల్లిక, దేవరకొండ హాస్టల్ల బైపీసీ,
మడిమలు గోడకానించి నిలవడ్డది.
నూట అరవై రెండు.
"జడ మీదికెల్లి కొలవకక్కా, దొంగెత్తు నాకొద్దు"
అని నవ్వింది. తెల్లటి పండ్లు.
మా ఈడోళ్లం నవ్వితే
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటం.

కోడలు అలివేలు పత్తి చేను నుంచి అప్పుడే వచ్చింది.
గోర్లల్ల పత్తికాయ గీసిన గీతలు.
నూట నలభై ఆరు.
"మగోళ్లకు ఏడు నూర్లు, మాకు మూడున్నర నూర్లు.
వాళ్లు నిలవడి మందు కొడ్తరు,
మేం వంగి ఏరుతం" అన్నది,
వంగినందుకే సగమన్నట్టు.

ఇగ ఈదమ్మ.
కొత్తోళ్లు చూస్తే కూసున్నదనుకుంటరు.
నిలవడే ఉన్నది.
ఒక మోకాలు తూర్పుకు, ఒకటి పడమరకు,
నడుము పైభాగమంత నేలను చూస్తది.
కాపురానికొచ్చిన కొత్తల
దర్వాజ దూలం తలిగేదట నెత్తికి.
ముప్పై ఏండ్లు ఆ బోరింగే కొట్టింది,
తాగింది, తాపింది.
ఇంట్ల నల్లా తిప్పిన రోజు
బిందె పక్కకు నూకి
"ఇన్నేండ్లు ఏడ సచ్చినవే" అని
నీళ్లను తిట్టిందట. గంటసేపు తిట్టిందట.
తిట్టి తిట్టి, గిలాసతోని తాగిందట.

నేల నుంచి నెత్తి దాక కొలిచిన.
తొంభై ఎనిమిది.
ఫోను ఎర్రగయ్యింది:
వివరాలు సరిచూడండి.
మళ్ల కొట్టిన. మళ్ల ఎర్రగయ్యింది.
సూపర్‌వైజరుకు ఫోన్ జేస్తే
"సుమారుగ ఒకటి వెయ్యమ్మా" అన్నది.
"ఎంత మేడం?"
"అందరికెంతుంటే గంత."

టేపు నా చేతులకెల్లి గుంజుకున్నది ప్రవల్లిక.
మడిమె కాడ మొదలువెట్టి
పిక్క మీదికెల్లి, మోకాలి సందుల వంచి,
నడుము గుంత దాటి, వీపు గూని ఎక్కి,
మెడ ఎముకలు ఒక్కొక్కటి లెక్కవెట్టుకుంట
నడినెత్తి దాక తీస్కపోయింది.
"నూట యాభై తొమ్మిది నానమ్మా!"
"గంతున్ననా నేను?" అన్నది ఈదమ్మ.
ఎవ్వరం మాట్లాడలే.

నూట యాభై తొమ్మిది కొడితే పచ్చగయ్యింది ఫోను.
పచ్చగైనంక నా వేలు ఆగింది.
ఇది పంపిస్తే
ఏడనో ఒక ఆఫీసుల ఈదమ్మ
నిటారుగ నిలవడి ఉంటది,
ఏ నొప్పి లేనట్టు,
ఏ బోరింగు కొట్టనట్టు.
తుడిపేసిన. ఖానా ఖాళీగ ఉన్నది.
రేపు మేడం తిడ్తది.

టేపు చుడుతుంటె ఈదమ్మ అడిగింది,
"నీదెంత బిడ్డా?"
నేను గూడ ఆ నీళ్ల పిల్లనే.
పొద్దుగాల లేస్తె మోకాళ్లు పటపటమంటయి,
ఎవ్వరికి చెప్పలే.
"నాదెవరు కొలుస్తరవ్వా" అన్న.

"గోడకు నిలవడు" అన్నది.
"పైకొస పిల్ల వట్టుకుంటది.
కిందికొస ఇటియ్యి,
నేల నాకు దగ్గర."