ఆయనకి నచ్చని ఎరుపు

ముందు చుట్టూ కుట్టాలి,
తర్వాతే లోపల కత్తిరించాలి.
గెక్ చూ బీబిక్ నాకు నేర్పిన మొదటి పాఠం.
తొందరపడి బెజ్జం కోస్తే
గుడ్డంతా పీలికలవుతుందని అంటుంది,
పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే,
మాటల్ని నోటి పక్కనుంచి జారవిడుస్తూ.

మలక్కాలో మా ఇళ్ళ వెనకే
ఒకప్పుడు సముద్రం ఉండేదట.
ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.
ఈ తొక్కుడు మిషను మాత్రం
ఇంకా అలల లెక్కనే కొట్టుకుంటోంది.
దాని పాదం ఊడదీసి, సూది కింద
చెక్క వలయాన్ని రెండు చేతులా తిప్పుతూ
వాయిల్ గుడ్డ మీద రేకులు పూయిస్తాను.
ఒక్కో రేకుకి నాలుగు గులాబి ఛాయలు.
గట్టిగా ఊపిరి వదిలినా
ముడత పడే గుడ్డ అది.

నిన్న మధ్యాహ్నం గ్వాట్ నియో వచ్చింది.
మూడేళ్ళుగా ఆమెను రంగుల్లో గుర్తుపడుతున్నాం.
భర్త పోయిన ఏడు నలుపు.
తర్వాత తెలుపు మీద తెలుపు, ఆపైన నీలం,
మొన్నటిదాకా ఆకుపచ్చ.
వజ్రాలు పెట్టెలోకి, ముత్యాలు ఎద మీదికి.
దుఃఖానికి ఇక్కడ కాలెండరుంది.

"ఇవాళ్టితో తీరిపోయింది.
ఎర్రటి కెబాయా కుట్టండి."
"ఏ ఎరుపు? పెళ్ళికూతురిదా?
పండిన రంబుటాన్‌దా?"
"ఆయనకి నచ్చని ఎరుపు."

గుండుసూదులు కదల్లేదు.
నేనే నవ్వాను. ఆ వెంటనే సిగ్గుపడ్డాను.

కొలతకని పాత కెబాయా విప్పి పెట్టింది.
మాకు గుండీలుండవు,
గొలుసుతో కట్టిన మూడు పిన్నులుంటాయి:
పైన తల్లి, కింద ఇద్దరు పిల్లలు.
చిన్న పిల్ల లేదు.
ఆ చోట మామూలు పిన్నీసు,
దాని చుట్టూ తుప్పు మరక.

"తాకట్టులో పోయింది," అంది.
ఆయన జబ్బుకేమో అనుకున్నాను.
"గుర్రాలకి," అంది,
చీర్ల దుకాణంలో బేరమాడినంత తేలిగ్గా.

"కొత్తదాంట్లో అక్కడ పువ్వు వేయనా,
లోటు కనపడకుండా?" అడిగాను.
"వద్దమ్మా. అక్కడ ఏమీ కుట్టకు.
నాకు గుర్తుండాలి."

ఆమె వెళ్ళాక వాన మొదలైంది.
దారాల డబ్బాలన్నీ వెతికాం.
కాషాయం వైపు మొగ్గేవి కొన్ని,
వంకాయ వైపు జారేవి కొన్ని.
చివరికి బీబిక్ లోపలికి వెళ్ళి
తన ట్రంకు అడుగునుంచి ఒక రీలు తెచ్చింది.
పైకాగితం కూడా చింపలేదు.
ధర ఎప్పటిదో, సెంట్లలో ఉంది.

నాకు తెలిసిన ఇరవై రెండేళ్ళలో
బీబిక్‌ని నీలంలో తప్ప చూడలేదు.
ఎప్పుడు కొన్నారని అడిగాను.

"సూదిలోకి ఎక్కించు," అంది,
గుండుసూదులన్నీ నోట్లోంచి తీసి,
ఒక్కొక్కటే డబ్బీలో వేస్తూ.