మైకు చుట్టేసాక

పద్నాలుగు మందికి పిలుపు.
వచ్చింది పదమూడు.
భీమిలి హైస్కూలు మైదానంలో
మైకు నాది, నాలుగు ట్యూబులైట్లు నావి,
అరువు తెచ్చిన జనరేటరు.

పెద్దల మాటలు తొమ్మిదింబావు దాకా.
సముద్రం వైపు కుర్చీలు ఖాళీ అవుతుంటే
తప్పెటగుళ్లు రొమ్ముకి కట్టుకుని
లేచారు వాళ్లు.

వలయంలో ఒక మనిషంత జాగా.
వాళ్లు తిరిగినప్పుడల్లా
ఆ ఖాళీ కూడా తిరుగుతోంది,
అడుగు తప్పకుండా.

"ఎవులికది?" పాట సందులో అడిగాను.
"ఎర్రప్పడికి. పరవాడ కంపెనీల డూటీ.
వొస్తానన్నాడు,"
రొప్పుతూనే చెప్పాడు గురయ్య.

ఆట అయిపోయింది.
చప్పట్లు కొట్టడానికి మిగిలింది
పల్లీల బండి సన్నెమ్మ, ఇద్దరు పిల్లలు.
నేను తీగలు చుట్టేసాను.

అప్పుడొచ్చాడు.
సెక్యూరిటీ చొక్కా, చేతిలో టిఫిను డబ్బా,
మెడలో ఈల ఇంకా తియ్యలేదు.

ఆలస్యమేంటని ఎవరూ అడగలేదు.
గురయ్య తన తప్పెట విప్పి
పేరున్న బిళ్ల మీదుగానే
వాడి రొమ్ముకి బిగించాడు.

మొదటి దెబ్బకి
రేకూ బిళ్లా కలిసి మోగాయి.

తీగలు మళ్లీ విప్పాలా?
విప్పలేదు.
ఒక్క లైటు మాత్రం
చేత్తో ఎత్తి పట్టుకు నించున్నాను.

డీజిలు లెక్క
రేపు చూసుకుందాం.