గీట్లు పెట్టిన చెక్క

టేకు బల్ల నెత్తిన పెట్టుకుని వచ్చింది కాశింబి,
వెనకాలే వాళ్ళ పిల్లోడు, సైకిలు మీద గోతాం.
"దీని మీద రాళ్ళు అతికించాలన్నా, చదును చేసియ్యి."

గోతాం విప్పితే పలక ముక్కలు.
మార్కాపురంలో అవేం వింత కాదు.
రోడ్డు గుంటల్లో, పునాదుల్లో, గొర్రెల దొడ్డి గోడల్లో
మా మన్నే అది.
కానీ ఆవిడ వాటిని రంగుకో మూటగా ఏరింది:
బూడిదవి, నల్లవి, వానకి ముందు మబ్బులాంటివి,
తుప్పు చార పడి ఏ షావుకారూ కొననివి.

"అ ఆలు చేస్తావా?" అన్నా.
"ఎందుకూ? కౌజుపిట్ట" అంది.
పదిహేనేళ్ళు ఫ్యాక్టరీలో పలకలు రుద్దిన మనిషి
రాళ్ళలో ఈకలు చూస్తుంటే
కాదనడానికి నేనెవర్ని.

టేకు మాత్రం వద్దన్నా.
మొహం చిన్నబోయింది, వాళ్ళమ్మ బీరువా తలుపంట.
టేకులో నూనె ఉంటుందమ్మా, బంకను లోపలికి రానీదు.
పైగా దానికింకా ప్రాణం పోలేదు,
ఉత్తర కార్తెలో ఉబ్బుతుంది, రోహిణిలో ముడుచుకుంటుంది,
అది ఊపిరి తీసినప్పుడల్లా నీ పిట్ట ఒక ఈక రాలుస్తుంది.

కల్యాణమండపం స్టేజీకి కోయగా మిగిలిన ప్లైవుడ్ ఉంది,
ముప్పావంగుళం మందం, తడికి ఓర్చేది.
ప్లైవుడ్! మా నాన్న వింటే ఉమ్మేసేవాడు.
అడ్డం పొర మీద నిలువు పొర,
ఒకటి వంగబోతే పక్కది పట్టుకునే కాపురం.
మంచిదేనని ఒప్పుకోడానికి నాకే ముప్పయ్యేళ్ళు పట్టింది.

మూడడుగులు, రెండడుగులు.
అంచుల పెళుసు తీసి, మోటు కాగితంతో, తర్వాత సన్నదాంతో రుద్ది,
కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమా.
నిలవ నీళ్ళ మీద చెయ్యాడినట్టుంది.
చూపించా, మెచ్చుకుంటుందని.
"బాగుందన్నా. ఇప్పుడు గీట్లు పెట్టు."

నేను కదల్లేదు.
"నున్నగుంటే జారదూ? బంక పట్టుకోడానికి
దానిక్కూడా గోళ్ళుండాలిగా."

గీటు పడితే కూలి కోసిన చేతులివి.
ఉలి పట్టుకున్నా గానీ చెక్క మీద ఆనలేదు.
కాశింబే లాక్కుంది.
కర్ర్, కర్ర్, అడ్డంగా, ఐమూలగా,
బడిలో వేసిన రోజు పిల్లకాయ గీకినట్టు.
కాసేపటికి నేనూ ఒక మూలన మొదలుపెట్టా, మెల్లగా.
మధ్యాహ్నానికి ఇద్దరం కలిసి
ఒక మంచి చెక్కను పాడు చేశాం.

ఇక దానికి తాగించడం:
బంకలో నీళ్ళు కలిపి మజ్జిగంత పల్చన,
ముందు వైపు, వెనక వైపు. ఒక్క వైపే పూస్తే విల్లయిపోద్ది.
అంచులకి రెండుసార్లు,
చెక్క దొంగతాగుడంతా అంచుల్లోంచే.
నీడన ఆరబెట్టా, రెండు రోజులు.

కొక్కేలు ముందే బిగించాలి,
రాళ్ళెక్కాక బోర్లించలేం.
బరువెంతుంటుందో చూద్దామని గోతాం ఎత్తబోయా.
పలకంటే చంకలో పెట్టుకుని పరిగెత్తేది,
పగిలినవన్నీ ఒకచోట చేరితే
ఇద్దరం పట్టాల్సొచ్చింది.
రెండు చాలవు, నాలుగు కొట్టా.

మా నాన్న పలకలకి చట్రాలు చేసేవాడు,
మూలలకి రేకులు నేను కొట్టేవాణ్ణి.
రాయి పగిలితే చట్రం పొయ్యిలోకి.
ఎంత పనికైనా చెక్క రాయి చుట్టూ నిలబడి కనపడేది.
ఈసారి కిందికి పోయింది.

నిన్న అంగన్‌వాడీ గోడకెక్కింది పిట్ట.
పిల్లకాయలు ముక్కు పట్టి లాగుతున్నారు.
నేను పక్కకి పోయి అంచు వెతికా,
చెక్క ఎక్కడా దొరకలేదు.
తోక దగ్గర, మూలన, ఒక తుప్పు ముక్క
కాస్త కదిలినట్టనిపించింది.
అక్కడి గీట్లు నావే అయ్యుంటాయి,
భయపడుతూ పెట్టినవి.
ఎవరికీ చెప్పకుండా
బొటనవేలితో నొక్కిపట్టి
చాలాసేపు అక్కడే నిలబడ్డా.