ఒక గొంతు తక్కువ

మంగళవారం, శుక్రవారం
ఈ కొండదారిలో తిరిగే రొట్టెల వ్యాన్ నాదే.
మూడుసార్లు హారన్ కొడితే
శాలువా సర్దుకుంటూ తలుపు తీస్తుంది జుల్మీరా.
రెండు బన్నులు.
చిల్లర ముందే లెక్కపెట్టి గుప్పిట్లో పట్టుకుని ఉంటుంది.
లిస్బన్ దారిలోని ఫ్యాక్టరీ రొట్టె కదా నాది,
వాసన చూసి "ఇది పిండి కాదు, దూది" అంటుంది.
అంటూనే కొంటుంది.

పోయిన ఆదివారం
గాలిమరకి మరమ్మతు పూర్తయిందని
ఊరంతా కొండెక్కింది.
నలభై ఏళ్లు గబ్బిలాలు కాపురమున్న గోడ
సున్నం కొట్టించుకుని
కొత్త చోట కూర్చున్న చుట్టంలా బిగుసుకుపోయి ఉంది.
మేయరు కత్తెర మొండిది,
రిబ్బను కొరికినంత పని చేశాడు.
బ్యాండువాళ్ల టోపీలు మూడు ఎగిరి
ద్రాక్షతోటలో పడ్డాయి.
నన్నడిగితే అసలు ప్రారంభోత్సవం అదే.

జుల్మీరాని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాను.
ఆమె భర్త కుస్తోదియో ఇక్కడే
ముప్పై ఒక్క పంటలు పిండి చేశాడు.
గాలి విసిరితే అతను విసిరేవాడు,
గాలి మానేస్తే గోడకి ఆనుకుని
చొక్కాలకి గుండీలు కుట్టుకునేవాడు.

లోపల రూబెన్ అనే కుర్రాడు
ఇరుసు చూపించాడు, పళ్లచక్రం చూపించాడు,
పైకప్పు మొత్తం గాలివైపు ఎలా తిరుగుతుందో
చేతులు తిప్పి మరీ చెప్పాడు.
ఆమె వినలేదు.
ఆమె చెవి బయట ఉంది,
తెరచాపల తాళ్లకి కట్టిన మట్టికూజాల దగ్గర.
గాలి వాటి మూతుల్లో ఊదుతుంటే
కొండంతా ఈల వేస్తోంది.
మరవాడు నిద్రలో కూడా
గాలి ఎంతుందో వినడానికి కట్టుకున్న చెవులవి.

"ఒకటి తక్కువ" అంది.
"లేదమ్మా, పన్నెండూ కట్టాం,
పాత ఫోటో చూసే కట్టాం."
"కట్టారు. అన్నీ ఒకే ప్రాయం.
బొంగురుది ఏది?
వానగాలికి అదే ముందు మూలిగేది.
కుస్తోదియో నన్నెప్పుడూ లేపలేదు.
అదే లేపేది."

తిరగలి కింద తొట్టిలోంచి
గోరువెచ్చటి పిండి చిటికెడు తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది.
జనం ఊపిరి బిగబట్టారు.
"రాయి తొందరపడుతోంది.
వెంట్రుకవాసి పైకెత్తు."
రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి.
ఎత్తాడు.
మళ్లీ రుద్దింది, ఏమీ అనలేదు.
నాకు తెలిసి అది మెప్పు.

మంగళవారం హారన్ కొట్టాను.
గుప్పిట్లో చిల్లర లేదు.
రెండు చేతులా ఒక పాత కూజా,
అంచు పగిలింది, అడుగున నాచు.
"ఇన్నేళ్లూ కోళ్లు నీళ్లు తాగాయి దీంట్లో,
కడిగాను" అంది, క్షమాపణ చెబుతున్నట్టు.
రొట్టెల బుట్టల మధ్య దాన్ని ఇరికించి
గుంతలన్నీ తప్పిస్తూ పైకి తీసుకెళ్లాను.

రూబెన్ నిచ్చెనేసి కట్టాడు.
గాలి లేదు.
ఆకు కదల్లేదు.
గడ్డిలో కూర్చుని తలో బన్నూ తిన్నాం.
గంటైంది.
"పిలిస్తే రాదది" అంది జుల్మీరా,
"నీ ఊళ్లు నువ్వు చూసుకో."
తను మాత్రం లేవలేదు.

నాలుగో ఊరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.
హారన్ మీద చెయ్యి పెట్టానో లేదో
కొండవైపు నుంచి
ఎవరో ముసలాయన మాట మొదలుపెట్టే ముందు
గొంతు సవరించుకున్నట్టు
ఒక చప్పుడు.
ఆగి, మళ్లీ.

చెయ్యి తీసేశాను.
అయినా తలుపులు తెరుచుకున్నాయి.
ఎదురింటి పెద్దాయన రొట్టె అడగలేదు.
పడమటివైపు చూసి,
లోపలికి తిరిగి, కోడలితో,
ఆరేసిన బట్టలు తీసెయ్యమన్నాడు.