సుల్తాన్‌పేట ముహూర్తాలు

మాది కార్డుల కొట్టు.
బెంగళూరు సుల్తాన్‌పేటలో మూడో సందు, మెట్ల కింద.
బంగారు పొడి వినాయకుడు,
నాలుగు మూలలా పసుపు, అన్నీ మేమే చూసుకుంటాం.
"కార్డు తీసుకుంటారా?" అని ఎవరైనా అడిగితే
ఇస్తామనాలో తీసుకుంటామనాలో
ఇప్పటికీ ఒక్క క్షణం తడబడతాను.

నాన్న రోజుల్లో ఎర్రగుడ్డ అట్ట ఖాతా.
"పెళ్లయ్యాక ఇస్తాం" అనేవాళ్లు.
పెళ్లయ్యేది. బిడ్డ పుట్టేది.
బారసాల కార్డుకి వచ్చినప్పుడు
పాత బాకీ తీర్చి కొత్త బాకీ పెట్టి వెళ్లేవాళ్లు.
వడ్డీ లేదు. మొహమాటమే వడ్డీ.

నా అప్పుకి మొహమాటం తెలీదు.
శివకాశి నుంచి వచ్చే కాగితం
నా క్రెడిట్ కార్డు మీద కొంటాను. నలభై ఐదు రోజులు నావి.
ఆ నలభై ఐదు రోజుల్లో
ఎవరో ప్రేమించుకోవాలి, ఎవరి నాన్నో ఒప్పుకోవాలి,
హాలు దొరకాలి, నా గల్లాపెట్టెలో అడ్వాన్సు పడాలి.
పెళ్లిళ్లకి మూఢం ఉంటుంది. బ్యాంకుకి ఉండదు.
"మినిమం డ్యూ కడితే చాలు" అని మెసేజీ,
కొసరి వడ్డించే పిన్నిలా, తీయగా.
చాలు అనే మాట ఎంత ఖరీదో
మొదటి ఏడాది ఆషాఢంలో తెలిసింది.

నంజుండయ్య ప్రతి నెలా ఆరో తారీఖు సాయంత్రం వస్తాడు.
బొమ్మనహళ్లిలో చొక్కాలు కుట్టే షెడ్డు,
ముప్పై ఒక్క కుట్టుమిషన్లు, ఏడో తారీఖున జీతాలు.
చొక్కాలు పట్టుకుపోయిన పెద్ద కంపెనీ
తొంభై రోజులకి గానీ డబ్బు వదలదు.
కుట్టిన చేతులు తొంభై రోజులు ఆగవు.
"యాభై వేలు గీకమ్మా" అంటాడు
గొంతు తగ్గించి, మందుల షాపులో అడిగినట్టు.
గీకుతాను. వెయ్యి మెషిన్ వాళ్లకి, ఐదొందలు నాకు,
మిగతా నోట్లు అతని లోపలి జేబుకి.
తప్పని తెలుసు. ఆ కాసేపూ ఇద్దరం
గోడమీది క్యాలెండర్ కేసి చూస్తాం.

బిల్లులో ఏదో ఒకటి రాయాలి గదా.
"శుభలేఖలు, వెయ్యి, బంగారు అచ్చు" అని రాశాను మొదటిసారి.
వెయ్యి కార్డులంటే ఒక పెళ్లి ఉండాలి.
పెళ్లంటే పేర్లుండాలి. నా బుద్ధి ఊరుకోదు.
చి॥ల॥సౌ॥ హేమావతి, చి॥ మురళీధర్.
మరుసటి నెల చి॥ల॥సౌ॥ పంకజాక్షి.
ముహూర్తం మాత్రం ఎప్పుడూ ఒకటే,
అతని కార్డు గడువు, రాత్రి పదకొండు యాభై తొమ్మిది.
పదమూడు నెలల్లో పదమూడు పెళ్లిళ్లు,
ఒక్కదానికీ భోజనాల్లేవు.
గడువు నాడు ఇంకో కార్డు ఇంకో సందులో గీకించి
ఈ కార్డు కడతాడని విన్నాను.
అక్కడ ఏం రాస్తారో బిల్లులో,
సిమెంటో, సైకిళ్లో.

మొన్న ఆరో తారీఖు కాని రోజున వచ్చాడు.
పందొమ్మిది, మిట్టమధ్యాహ్నం. గొంతు తగ్గించలేదు.
"అరవై కార్డులు. ఉన్నవాట్లో చవకవి."
పెన్ను పట్టుకుని పేర్లడిగాను.
అతన్ని పేర్లడగడం ఇదే మొదలని నాకే నవ్వొచ్చింది.
"పెళ్లికూతురు శకుంతల. మా షెడ్డులో కాలర్లు కుడుతుంది."
"పెళ్లికొడుకు?"
జుట్టుకి కొత్తగా వేసిన రంగు
చెవి అంచున ఇంకా అంటుకుని ఉంది.
"నేనేనమ్మా."

అలవాటుగా మెషిన్ ముందుకి జరిపాను.
చెయ్యి అడ్డం పెట్టాడు.
"వద్దమ్మా, ఇది నిజం పెళ్లి."
వేలు తడి చేసుకుని
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.

నూటికి మూడు తగ్గించి తీసుకున్నాను.
ఎందుకని అతనడగలేదు.

యాభై నాలుగేళ్ల మనిషి పేరు ముందు
'చి॥' వెయ్యాలా వద్దా అని
కంపోజింగ్ కుర్రాడు అడుగుతున్నాడు.
వెయ్యమన్నాను.