పలుచని గంజి

తివాచీల చిట్టా ఒకటి వచ్చింది రిపేరుకు.
మట్టెవాడల పాత దుకాణం, పేరు చెప్పొద్దన్నరు.
వెన్ను ఊడింది. తోలు గీకితే పొడి.
అట్టను ఆవిరికి పట్టిన.
చూస్తే అట్ట కాదది,
ఒకదాని మీద ఒకటి అతికిన నాటకం కాగితాలు,
ఏడు.

పసుపుపచ్చ కాగితం, ఉల్లిపొర లెక్క.
నెత్తి మీద రెండు నెమళ్లు, ఒకదానికి తోక లేదు.
అచ్చుదిమ్మె అరిగిందో, బెజవాడల అంతే దొరికిందో.
'ఓరుగల్లు సరస వినోద సమాజము వారిచే'
ఆ కింద ఆట పేరు పురుగు తిన్నది,
'పరిణయము' అన్నంత మిగిలింది.
ఎవలకు ఎవలతోటి పెండ్లయిందో పురుగుకే ఎరుక.

ఫసలీ వెయ్యిన్ని మూడువందల నాలుగు, తీర్ నెల,
శనివారం, దీపాలు పెట్టినంక.
కుర్చీకి రూపాయి, బల్లకు ఆరణాలు, చాపకు అణా.
పసిపిల్లలను తేరాదు. తెచ్చినచో ఏడ్వరాదు.
గాలివాన వచ్చినచో ఆట మరునాటికి.
లాంతరు ఎవరిది వారే తెచ్చుకొనవలెను.

హాలీ సిక్కా అంటే ఏందో తెల్వని బెజవాడ కంపోజిటరు
'ఖాలీ సిక్కా' అని పేర్చిండు.
ఆరు కాగితాల మీద ఎవరో
ఖా కొట్టేసి హా రాసుకుంట వచ్చిండు ఓపికగ.
ఏడోదానికి సిరా అయిపోయిందో, నిద్రొచ్చిందో,
అట్లనే విడిచిండు.
ఖాలీ రూపాయికి కుర్చీ!
నవ్వుకున్న ఒక్కన్నే, ఆవిరి గిన్నె ముంగట.

కింద వేషగాండ్ల వరుస.
రాజు, వకీలు నరహరిరావు గారు.
మంత్రి, తాలూకా పేష్కారు గారు.
విదూషకుడు, రైల్వే తారుబాబు.
రాకుమారి, ఒక మిత్రుడు.

ఒక మిత్రుడు అన్న మాట కాగితం మీద లేదు,
కాగితం మీద అతికిన చీటీ మీద ఉన్నది.
అక్షరం వేరు, నలుపు వేరు.
ఆవిరి తాకంగనే చీటీ లేచింది,
అడుగున
వెల్దండి ఓదెలు, నేత.

చిట్టాల వెతికిన.
తివాచీల పద్దుల నడుమ సమాజం ఖర్చు,
దుకాణపాయనే ఖజానా చూసిండేమో.
కిరసనాయిలు, రెండు డబ్బాలు.
రాకుమారి చీర కిరాయి, నాలుగణాలు.
కాగితాలు రెండువందలు, అచ్చుకు రైలుకు, ఐదు రూపాయలు.
వారం తిరగంగ
చీటీలు రెండువందలు, అచ్చుకు రైలుకు, రూపాయి మూడణాలు.
దాని కింద అదే చేతిరాత,
చీటీలు అతికినందుకు కూలి, ఓదెలుకు, రెండణాలు.

చిట్టా మూసి చాయ తాగొచ్చిన.
వచ్చి మళ్ల చదివిన. రెండణాలే.

రాజు పక్కన నేతగాని పేరు అచ్చుల చూసి
ఎవరి కంట్లె నలుసు పడ్డదో రాయలేదు.
చిట్టాల మనుషులుండరు, పద్దులుంటయి.
ఆ శనివారం గాలివాన వచ్చిందా,
పగలు తివాచీకి ముడులేసిన వేళ్లు
రాత్రి గాజులకు ఒదిగినయా,
వకీలు రాజు ఆ చెయ్యి పట్టుకున్నడా,
పట్టుకొని ఇంటికి పోయి తానం చేసిండా,
ఏదీ లేదు.

పెద్ద సంగతులు చదువుకున్నోళ్లు చెప్తరు.
నేను అట్టలు కట్టేటోన్ని, గంజి సంగతి నాకెరుక.
నిండ పూస్తే ఉత్త ఆవిరికి లొంగది.
నీళ్లల నానాలె, కాగితం చినగాలె.
ఈ ఏడు చీటీలకు
నాలుగు మూలలల్ల మెతుకంత మెతుకంత, అంతే.
నూలుకు గంజి పెట్టుకుంట పెరిగిన చెయ్యది,
ఎంత పూస్తే ఎన్నేండ్లు పడ్తదో తెల్వకనా?

గంజికిచ్చిన పిండి ఇంటికి మిగిల్చుకున్నడేమో,
అది గూడ కావచ్చు. ఎండకాలం, ఇంట్ల పిల్లలు.

ఎట్లున్నదో అట్లనే కట్టియ్యమన్నరు దుకాణపోళ్లు.
సరేనన్న.
ఏడు కాగితాలు వరుసగ పేర్చిన,
ఏడు చీటీలు ఎక్కడివక్కడ పెట్టిన.
పై అంచుకు మాత్రం,
పలుచగ.