తొమ్మిది గోళ్లు

సండర్లాండ్‌లో ఆదివారం. వాన.
గిన్నెలు తోమే టబ్బులో గోరువెచ్చని నీళ్లు,
గుప్పెడు ఉప్పు. పన్నెండు గంటల డ్యూటీని
పాదాలు నెమ్మదిగా వదిలిపెడుతున్నాయి.

మా వార్డులో చేతిగోళ్లకు రంగు నిషిద్ధం.
ఉంగరం వద్దు, గాజు వద్దు.
కాళ్ల సంగతి ఏ రూల్లోనూ రాయలేదు.

మడమ పగుళ్ల మీద రాయి గరగరలాడింది.
గోరు మూలల్లోకి కొయ్యకూడదు, తిన్నగా కత్తిరించాలి.
లేకపోతే గోరుచుట్టు, దానిమీద రోకటిపోటు:
మంచం చక్రం వెతుక్కుంటూ వచ్చి
ఆ వేలికే తగులుతుంది.

వేళ్ల మధ్య దూది ఉండలు.
ముందు పల్చటి పూత. అది ఆరాక
వెండి తళుకు, రెండు చేతలు.

మొన్న రాత్రి ఏడో బెడ్డు మిసెస్ విన్‌షిప్
నా బూట్ల నిండా వాంతి చేసుకుంది.
సాక్సులు విప్పి సింకు దగ్గర నిలబడ్డాను.
సారీ చెప్పబోయి, నా వేళ్లు చూసి
మాట మరిచిపోయింది.
దుప్పట్లోంచి వాచిన పాదమొకటి
బయటికి జరిపింది.
"మళ్లీ నీ నైటు ఎప్పుడు?"

సోమవారం.

ఎడమ చిటికెనవేలి దగ్గర ఆపేశాను.
సీసాను దీపానికెత్తి చూశాను:
అడుగున తళుకు,
జాగ్రత్తగా గీస్తే
పది గోళ్లకు సరిపోవచ్చు.